ఏడాదిన్నరలో 4,200 కిలోమీటర్లే తిరిగిన కారుకు ఇంజన్ ఆయిలు మార్చాలా?

బైరాగిపట్టెడ వాసి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. 2016లో కొన్న 1200 సీసీ పెట్రోలు కారు మాకు ఉంది. ఇప్పటివరకు 46,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి నాలుగేళ్లు నేను చిత్తూరులో ఉద్యోగం చేస్తూ ప్రతి వారాంతం ఇంటికి వచ్చి వెళ్లేవాణ్ణి కాబట్టి బండి దూరం బాగానే తిరిగేది. ఇక్కడికి బదిలీ అయిన తరువాత ఉదయం విశ్వవిద్యాలయం వరకు నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ నాలుగు కిలోమీటర్లు, ఆదివారం కూరగాయలకు ఒకసారి, అంతకు మించి దానికి పని లేదు. చివరిసారి ఇంజన్ ఆయిలు మార్చి పందొమ్మిది నెలలు అయింది. ఆ పందొమ్మిది నెలల్లో అది తిరిగినది 4,200 కిలోమీటర్లు మాత్రమే.

గత శనివారం తెల్లవారుజామున అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని తిరుమలకు బయలుదేరాను. పైకి వెళ్లే ఘాట్ రోడ్డులో సగానికి పైగా ఎక్కాక, ఒక పెద్ద మలుపు తిప్పుతుండగా మీటరులో ఎర్రని నూనె డబ్బా గుర్తు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. భ్రమ అనుకున్నాను. రెండు మలుపుల తరువాత మళ్లీ వెలిగింది. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపి, పది నిమిషాల తరువాత ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్ కడ్డీని లాగి చూస్తే కింది గీతకు కూడా అందకుండా, కొసన మాత్రమే నల్లగా తడి కనిపించింది. వెనుక వస్తున్న ఒక టాక్సీ డ్రైవరు మమ్మల్ని చూసి ఆగి, తన డిక్కీలో ఉన్న లీటరు డబ్బా తీసి పోసి, డబ్బు తీసుకోవడానికి కూడా మొహమాటపడ్డాడు. అది ఏ గ్రేడో చూసుకునే స్థితిలో నేను లేను. లీటరంతా పోసిన తరువాత మట్టం పై గీతకు కొంచెం కిందకు వచ్చింది. ఆ తరువాత దీపం వెలగలేదు, క్షేమంగా దర్శనం చేసుకుని వచ్చాము.

సోమవారం మా వీధి చివరి మెకానిక్‌ను అడిగితే, "సార్, పదివేలు తిరిగితే కదా మార్చాల్సింది, మీ బండి ఐదు వేలు గూడా తిరగలా. తగ్గింది పోసేసినాం కదా, చాలు. ఈసారి మార్చేటప్పుడు మాత్రం 20డబ్ల్యూ-40 పోసేద్దాం, మన ఎండలకు పల్చటి ఆయిలు ఆగదు" అన్నాడు. అతను నాకు పదేళ్లుగా తెలిసినవాడు, డబ్బు కోసం అబద్ధం చెప్పే మనిషి కాదు. సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే వెంటనే మార్చాలనీ, 0డబ్ల్యూ-20 సింథటిక్ ఆయిలు తప్ప మరొకటి పోయకూడదనీ అన్నారు. కారుతో వచ్చిన మాన్యువల్ తీసి చూస్తే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 రెండూ రాసి ఉన్నాయి, 20డబ్ల్యూ-40 మాత్రం లేదు. ఫిల్టరుతో కలిపి 3.1 లీటర్లు పడుతుందని ఉంది.

తిరగని బండికి ఆయిలు ఎందుకు పాడవుతుంది? మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే ఊళ్లో నీళ్లలాంటి ఆయిలు పోస్తే ఇంజన్ అరిగిపోదా? ఆ రెండు మూడు క్షణాలు దీపం వెలిగినందువల్ల లోపల ఏదైనా దెబ్బతిని ఉంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


పాలిటెక్నిక్ ఉపాధ్యాయుడు, చిత్తూరు:

మీరు రెండోసారి దీపం వెలిగినప్పుడే బండి ఆపడం చాలా మంచి పని అయింది. ఆ ఎర్ర దీపం ఆయిలు మట్టాన్ని చూపేది కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. ఇంజన్ కింద ఆయిలు నిలిచే సంప్ అనే తొట్టి అడుగున ఒక జల్లెడ గొట్టం ఉంటుంది, పంపు దాని గుండానే ఆయిలును పీల్చి పైకి పంపుతుంది. మట్టం తగ్గిన ఇంజన్‌ను ఎత్తు ఎక్కిస్తూ మలుపు తిప్పినప్పుడు, చెంబును వంచితే నీళ్లు ఒక పక్కకు చేరినట్లు, ఉన్న కాస్త ఆయిలూ ఒక మూలకు పోయి గొట్టం మూతి తేలిపోతుంది. పంపు అప్పుడు గాలిని పీలుస్తుంది. చదును రోడ్డు మీద మీ దీపం వెలగకపోవడానికీ, మలుపుల్లోనే వెలగడానికీ కారణం ఇదే. అంటే దీపం వెలిగే సమయానికి మట్టం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, మట్టం తెలుసుకోవడానికి డిప్‌స్టిక్ తప్ప మీ బండిలో మరో దారి లేదు.

ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌కూ దాన్ని మోసే బేరింగుకూ మధ్య ఉండే సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో ఒత్తిడితో నిలిచిన ఆయిలు పొర మీద షాఫ్ట్ తేలుతూ తిరుగుతుంది, లోహానికి లోహం తగలదు. ఒక్క క్షణం ఒత్తిడి తగ్గినా అక్కడ మిగిలి ఉన్న పొర కాసేపు కాపాడుతుంది. వెంటనే ఆపేశారు కాబట్టి పెద్ద నష్టం జరిగి ఉండకపోవచ్చు. ఉదయం చల్లని ఇంజన్‌ను స్టార్టు చేసినప్పుడు దీపం ఒకటి రెండు క్షణాల్లో ఆరిపోతోందా, వేడెక్కిన తరువాత కింది నుంచి కొత్తగా దడదడమనే శబ్దం వస్తోందా అన్నవి మాత్రం గమనించండి. అటువంటి శబ్దం ఉంటే బండి నడపకుండా చూపించాలి.

ఇక అసలు విషయం. మీ మెకానిక్ చెప్పిన పదివేల లెక్క తప్పు కాదు, కానీ అది సగం వాక్యం. మన పెట్రోలు కార్లలో చాలావాటి మాన్యువళ్లలో పదివేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందు వస్తే అది అని ఉంటుంది. ఆ రెండో సగాన్ని అందరూ వదిలేస్తారు. నిజానికి తక్కువ తిరిగే బండికి ఆ రెండో సగమే ప్రాణం.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆ నీరు ఆవిరి రూపంలో సైలెన్సరు నుంచి బయటికి పోతుంది కానీ, కాలిన వాయువుల్లో కొంత భాగం పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారి, క్రాంక్ షాఫ్ట్ తిరిగే చల్లని గదిలో, అంటే క్రాంక్‌కేసులో చేరి మళ్లీ నీటి బొట్లుగా మారుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు పెట్రోలు కూడా కొంచెం ఎక్కువే పడుతుంది, అందులో కొంత కాలకుండానే సిలిండరు గోడల మీదుగా దిగి ఆయిలులో కలుస్తుంది. బండి అరగంట, గంట నడిస్తే ఆయిలు వంద డిగ్రీల దాకా వేడెక్కి ఈ నీరు, పెట్రోలు రెండూ ఆవిరై గాలి గొట్టం ద్వారా తిరిగి ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలిపోతాయి. మీ నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం వేడెక్కుతుంది, మీటరులో ముల్లు మధ్యకు వస్తుంది, మీరు ఇంజన్ వేడెక్కిందని అనుకుంటారు. ఆయిలు మాత్రం అంతకంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. అది పూర్తిగా వేడెక్కకముందే మీరు బండి ఆపేస్తారు. అలా రోజుకు రెండుసార్లు, నెలకు యాభైసార్లు చేరిన తేమ కాలిన వాయువులతో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలను విరచడానికే ఆయిలులో క్యాల్షియం, మెగ్నీషియం కలిగిన క్షారాలను కలుపుతారు, అవి క్రమంగా ఖర్చైపోతాయి. ఇంతకాలం మీ కారు చేసినది ఇంజన్‌కు అత్యంత కష్టమైన పని. వారం వారం చిత్తూరు వచ్చి వెళ్లిన నాలుగేళ్లలో దానికి ఇంత శ్రమ లేదు. మాన్యువల్ చివరి పేజీల్లో కఠిన పరిస్థితులు అన్న శీర్షిక కింద చిన్న చిన్న ప్రయాణాలు, దుమ్ము, కొండ దారులు, ఎక్కువ బరువు అని రాసి, గడువును తగ్గించుకోమని చెబుతారు. చదివి చూడండి, అందులో మీ దినచర్య కనిపిస్తుంది.

ఎండల సంగతి మన ప్రాంతంలో అందరికీ ఉన్న అనుమానమే. నా విద్యార్థులకు ఏటా దీన్ని ఒక గంట చెప్పవలసి వస్తుంది. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూ పక్కన ఉన్న 5 చలికాలపు అంకె. సున్నాకు 30 డిగ్రీల దిగువన కూడా ఆ ఆయిలు ఇంజన్‌ను తిరగనిస్తుందని దాని అర్థం. 0డబ్ల్యూ అయితే సున్నాకు 35 డిగ్రీల దిగువన, 20డబ్ల్యూ అయితే 15 డిగ్రీల దిగువన. ఆ చలి మనకు ఎన్నడూ రాదు కాబట్టి ఆ అంకెతో మనకేమి పని అని అనిపిస్తుంది. రెండో అంకె 100 డిగ్రీల వద్ద, అంటే ఇంజన్ పనిచేసే వేడి దగ్గర ఆయిలు చిక్కదనం. 30 అంటే అక్కడ చిక్కదనపు కొలత 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు ఉండాలని వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ ప్రమాణం.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన మీ కారును తలచుకోండి. లోపలి ఆయిలు 40, 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల వద్ద 60 సెంటీస్టోక్స్‌కు పైనే. అంటే మన ఊరి అతి పెద్ద ఎండలో కూడా స్టార్టు చేసే క్షణానికి ఆ ఆయిలు, ఇంజన్ కోరుకునే చిక్కదనం కంటే ఐదారు రెట్లు చిక్కగానే ఉంది! 20డబ్ల్యూ-40 అయితే దానికి దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. స్టార్టు చేసిన తరువాత పై భాగంలో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు, ట్యాపెట్లకు ఆయిలు చేరడానికి అంత ఆలస్యమవుతుంది. బయట 43 డిగ్రీలు ఉన్నా, జనవరి తెల్లవారున తిరుమల మీద చలిగా ఉన్నా, థర్మోస్టాట్, రేడియేటరు కలిసి ఇంజన్‌ను ఇంచుమించు ఒకే వేడి దగ్గర ఉంచుతాయి కాబట్టి ఆయిలుకు తగిలే వేడి బయటి ఎండ మీద మనం అనుకున్నంతగా ఆధారపడదు. ఇంజన్ లోపలి సందులను ఎంత పెట్టారో దాన్ని బట్టి తయారీదారు గ్రేడు నిర్ణయిస్తాడు. మీ మాన్యువల్‌లో రెండు గ్రేడులు ఉన్నాయి కాబట్టి, తొమ్మిదేళ్ల ఇంజన్, ఐదుగురితో ఘాట్ ప్రయాణాలు, ఆయిలు తగ్గుతూ ఉండటం ఇవన్నీ చూసి నేనైతే 5డబ్ల్యూ-30 ఎంచుకుంటాను. 0డబ్ల్యూ-20 పోసినా తప్పు లేదు, పెట్రోలు కాస్త ఆదా అవుతుంది. డబ్బా మీద అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ గుర్తులో ఎస్‌ఎన్ లేదా 2020లో వచ్చిన ఎస్‌పీ అని ఉందో లేదో చూసుకోండి. ఎస్ తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, సీ తో మొదలైతే డీజిలు ఇంజన్లకు. పెట్రోలు వరుసలో తరువాతి అక్షరం వచ్చిన ఆయిలును పాత కారుకు నిస్సంకోచంగా వాడవచ్చు.


ఘాట్ టాక్సీ, రేణిగుంట:

నేను రెండు డీజిలు బండ్లు నడుపుతున్నాను, ఒకటి పాతది, మరొకటి 2021లో కొన్న, బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండి. రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుమలకు, అక్కడి నుంచి కాణిపాకం మీదుగా బెంగళూరుకు ఎక్కువగా తిప్పుతాను. డిక్కీలో లీటరు డబ్బా పెట్టుకునే అలవాటు నాకూ ఉంది కాబట్టి మీకు సాయం చేసిన డ్రైవరు మాటకు సంతోషించాను.

డీజిలు వాళ్ల కోసం రెండు విషయాలు చెప్పాలి. మీ బండిలో ఆయిలు తగ్గింది, మా బీఎస్6 బండిలో ఒకసారి మట్టం పెరిగింది. పెరిగితే మంచిదే కదా అని మా డ్రైవరు నాకు చెప్పకుండా వదిలేశాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిలు కార్లలో పొగమసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు బండి తానే కొంత డీజిలును అదనంగా చిమ్మి, ఆ వేడితో మసిని కాలుస్తుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు వేస్తూ ఆ పని సగంలో ఉండగానే ఇంజన్ ఆపేస్తుంటే, చిమ్మిన డీజిలులో కొంత ఆయిలులోకి దిగిపోతుంది. మట్టం పై గీత దాటి, వాసన చూస్తే డీజిలు గుప్పుమంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని చూడకుండా మార్చేయాలి. పల్చబడిన ఆయిలు, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోను నిలబెట్టలేదు. ఆ బండ్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిలే పోయాలి, మాన్యువల్‌లో యూరపు కార్ల తయారీదారుల ప్రమాణం ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో రాసి ఉంటుంది. మామూలు డీజిలు ఆయిలు పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, మసిలాగా అది కాలిపోదు.

టర్బో ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అలిపిరి నుంచి పైకి సుమారు 18 కిలోమీటర్లు, సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తు దాకా, రెండో మూడో గేరులో లాగుకుంటూ ఎక్కిన తరువాత టర్బో మండుతూ ఉంటుంది. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని చల్లబరిచేది ఆ కాస్త ఆయిలే. పైకి చేరగానే తాళం తిప్పేస్తే అందులో నిలిచిపోయిన ఆయిలు మాడి గట్టి బొగ్గులాగా అంటుకుంటుంది. పార్కింగు స్థలం దాకా నెమ్మదిగా నడిపి, ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగులో ఉంచి ఆపండి.

ఉపాధ్యాయుడు గారు చెప్పిన గ్రేడు విషయంలో మాత్రం నా అనుభవం కాస్త వేరు. 2,10,000 కిలోమీటర్లు తిరిగిన నా పాత బండికి ఒక గ్రేడు చిక్కటి ఆయిలు పోయించాను, తగ్గడం ఆగింది, ఇంజన్ మోత కూడా తగ్గింది. పుస్తకంలో రాసినదే వేదం అంటే నేను ఒప్పుకోలేను.


ఆటోనగర్ షెడ్డు:

నేను ఇరవై రెండేళ్లుగా ఇంజన్ పని చేస్తున్నాను. టాక్సీ అన్న చెప్పినది అరిగిన ఇంజన్ మాట. రింగులు, బేరింగులు అరిగి సందులు పెరిగినప్పుడు చిక్కటి ఆయిలు ఆ సందులను కొంతకాలం నింపుతుంది, అరిగిన సిలిండర్లను సరిచేసే బోరు పని కొంత వెనక్కి పోతుంది. నేనూ అలాంటి బండ్లకు పోస్తాను. 46,000 తిరిగిన ఇంజన్ ఆ కోవలోకి రాదు. మీ వీధి మెకానిక్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత జీపులు, అంబాసిడర్లు నడిచిన కాలంలో 20డబ్ల్యూ-40 సరైన ఆయిలే. మా గురువులు మాకు అదే నేర్పారు. ఇంజన్లు మారాయి, ఆయిలు దారులు సన్నబడ్డాయి, కానీ ఆ పాఠం చాలామంది చేతుల్లో అలాగే ఉండిపోయింది.

పందొమ్మిది నెలలు ఊళ్లోనే తిరిగిన బండ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. ఇంజన్ పైన ఉండే ట్యాపెట్ కవరు విప్పితే చింతపండు గుజ్జులాగా నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. ఆ మడ్డి సంప్‌లోకి జారి జల్లెడకు అడ్డుపడితే, డిప్‌స్టిక్‌లో మట్టం నిండుగా చూపుతున్నా దీపం వెలుగుతుంది, అప్పుడు లీటరు పోసినా ప్రయోజనం ఉండదు. కాబట్టి మీరు ఆయిలు పోసే మూత తీసి దాని అడుగు భాగాన్ని, లోపల కనిపించినంత మేర టార్చి వేసి చూడండి. లేత గోధుమ రంగు పూతలాగా ఉంటే భయం లేదు. మూతకు మజ్జిగ నురుగులాంటిది కొంచెం అంటుకుని ఉంటే అది చిన్న ప్రయాణాల వల్ల చేరిన తేమ. అదే డిప్‌స్టిక్ మీద కూడా ఆయిలు పాల కాఫీ రంగులో ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగు పోయిందని అర్థం. 2021 నవంబరులో తిరుపతికి వచ్చిన వరదల తరువాత ఇలాంటి ఆయిలున్న బండ్లు వరుసగా వచ్చాయి. నీళ్లలో మునిగిన బండిని స్టార్టు చేయకుండా లాక్కొచ్చినవాళ్లు రెండుసార్లు ఆయిలు మార్చుకుని బయటపడ్డారు. తాళం తిప్పి చూసినవాళ్లకు సిలిండర్లలో చేరిన నీరు అడ్డుపడి, పిస్టన్లను నడిపే కనెక్టింగ్ రాడ్లు వంగాయి.

ఆయిలు నల్లగా ఉందని మార్చమంటే నమ్మకండి, తేనె రంగులో ఉందని వదిలేయకండి. మసిని తనలో కలుపుకుని తిరగడం ఆయిలు పని, డీజిలు బండిలో అయితే మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. రంగును బట్టి చెప్పడం నాకే చేతకాదు. తారీఖు, కిలోమీటర్లు రాసి పెట్టుకోవడమే దారి.

మీ బండికి మరో లెక్క ఉంది. 4,200 కిలోమీటర్లలో లీటరుకు పైగా పోయింది, అంటే వెయ్యికి దాదాపు పావు లీటరు. వెయ్యికి లీటరు దాకా ఫరవాలేదనే తయారీదారులు కూడా ఉన్నారు కానీ, ఇంత తక్కువ తిరిగిన ఇంజన్‌లో అది ఎటు పోతోందో వెతకాలి. రాత్రి బండి కింద ఒక అట్ట పరచండి. పొద్దున అట్ట మీద మరకలు ఉంటే కారుతోంది, ఎక్కడ పడిందో చూస్తే డ్రెయిన్ బోల్టా, క్రాంక్ సీలా, ఫిల్టరా తెలుస్తుంది. మరక లేకుండా, రాత్రంతా ఆగిన తరువాత స్టార్టు చేయగానే నీలి పొగ వస్తే వాల్వు సీళ్లు. నడుస్తున్నప్పుడు యాక్సిలరేటరు తొక్కితే నీలి పొగ వస్తే రింగులు. ట్యాపెట్ కవరు ప్యాకింగు నుంచి కారి, పొగను సైలెన్సరుకు పంపే వేడి మ్యానిఫోల్డు మీద పడితే కింద మరక పడకపోవచ్చు, మాడిన వాసన మాత్రం వస్తుంది.

మార్పించేటప్పుడు ఎదురుగా నిలబడండి. అది అపనమ్మకం కాదు, మంచి మెకానిక్ ఎవరూ తప్పు పట్టరు. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు తీస్తే అడుగు మడ్డి కూడా జారిపోతుంది. పొగలు కక్కే వేడిలో తీస్తే చేతులు కాలతాయి. బోల్టుకు కొత్త వాషరు వేయాలి. ఫిల్టరు తప్పనిసరిగా మార్చాలి, పాత ఫిల్టరులో పావు లీటరు దాకా పాత ఆయిలు నిలిచి కొత్తదాన్ని మురికి చేస్తుంది. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకు ఆయిలు రాసి చేత్తో బిగిస్తే సరిపోతుంది. సీలు ఉన్న డబ్బాను మీ ముందే తెరిపించండి, పని అయిన తరువాత ఖాళీ డబ్బాకు మేకుతో రంధ్రం చేయండి. ఆ ఖాళీ డబ్బాలను కొని పనికిరాని ఆయిలుతో నింపి అమ్మేవాళ్లు ఉన్నారు. మూడు లీటర్లు పోసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపి, ఐదారు నిమిషాలు ఆగి చదును నేల మీద డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయాలి. పై గీత దాటించకండి. ఎక్కువైన ఆయిలును క్రాంక్ షాఫ్ట్ చిలికి నురుగు చేస్తుంది, నురుగుకు బేరింగును మోసే బలం ఉండదు. ఫ్లషింగు ద్రావకం పోద్దామని ఎవరైనా అంటే వద్దనండి. పేరుకున్న మడ్డిని అది ఒక్కసారిగా ఊడదీసి జల్లెడ మీదకు తెస్తుంది. దానికి బదులు ఈసారి మార్చిన ఆయిలును మూడు వేల కిలోమీటర్లకో ఆరు నెలలకో తీసేయండి, కొత్త ఆయిలే నెమ్మదిగా కడుగుతుంది.


బైరాగిపట్టెడ వాసి:

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న మార్పించాను. ఈ సమాధానాలన్నీ మా వీధి మెకానిక్‌కు చదివి వినిపించాను, ఆయన శ్రద్ధగా విని, మాన్యువల్ పేజీని తన ఫోనులో ఫొటో తీసుకున్నారు. మూత అడుగున కొంచెం మజ్జిగ నురుగు ఉంది, లోపల మడ్డి మాత్రం పెద్దగా లేదు. అట్ట మీద మరకలు పడలేదు, నీలి పొగ లేదు. కానీ ట్యాపెట్ కవరు వెనుక అంచు అంతా జిడ్డుగా ఉంది, అక్కడి నుంచి మ్యానిఫోల్డు మీదకు కారి కాలిపోతోంది. బండి ఆపినప్పుడల్లా వచ్చే మాడు వాసనను నేను నెలల తరబడి పక్కింటి వంటగదిదని అనుకున్నాను. ప్యాకింగు మార్చి, 5డబ్ల్యూ-30 ఎస్‌పీ ఆయిలు, ఫిల్టరు, వాషరు వేశారు. కూలితో సహా 3,100 రూపాయలు అయింది. తారీఖు, 46,030 అనే అంకె ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించాను.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మూడున్నర లీటర్ల డబ్బాలో నాలుగు వందల మిల్లీలీటర్లు మిగిలింది, దాన్ని మా అబ్బాయి మోటారు సైకిలుకు పోయవచ్చా? పాత ఆయిలును మా పొలంలో పనిచేసే ఆయన పశువుల కొట్టం వాసాలకు చెదలు పట్టకుండా రాస్తానని అడిగారు, ఇవ్వవచ్చా?


ఆటోనగర్ షెడ్డు:

గేర్లున్న మోటారు సైకిలుకు పోయకండి. వాటిలో క్లచ్ పలకలు ఇంజన్ ఆయిలులోనే మునిగి ఉంటాయి. కారు ఆయిలులో రాపిడి తగ్గించే మందులు ఉండటం వల్ల క్లచ్ జారిపోయే ప్రమాదం ఉంది. మోటారు సైకిలు ఆయిలు డబ్బా మీద జపాను ప్రమాణమైన జాసో ఎంఏ అని రాసి ఉండేది అందుకే. మిగిలిన దానికి మూత గట్టిగా బిగించి డిక్కీలో పెట్టుకోండి, మీకు ఘాట్‌లో సాయం చేసినట్లే ఎవరికైనా పనికి రావచ్చు.

పాత ఆయిలు ఇవ్వవద్దని నా మనవి. వాసాలకు, సెంట్రింగు పలకలకు రాయడం మన వైపు ఎప్పటి నుంచో ఉన్న పనే, నేను కూడా ఒకప్పుడు ఇచ్చాను. కానీ వాడిన ఆయిలులో క్యాన్సరు కలిగించే పదార్థాలు ఉంటాయి, ఒట్టి చేతులతో రాసుకుంటే చర్మంలోకి దిగుతాయి, పశువులు ఆ వాసాలను నాకుతాయి, వాన పడితే కొట్టుకుపోయి బావి నీటిలో చేరుతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా అది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే చేరాలి. డ్రమ్ములో పోగుచేసి అటువంటివారికి ఇచ్చే షెడ్డులోనే వదిలేసి రండి.


పాలిటెక్నిక్ ఉపాధ్యాయుడు, చిత్తూరు:

ప్యాకింగు దొరికినందుకు సంతోషం. 46,530 దగ్గర ఒకసారి, పొద్దున బండి తీయకముందు, చదును నేల మీద డిప్‌స్టిక్ చూసి మట్టం ఇక్కడ రాయండి. పై గీత దగ్గరే ఉంటే కారడం ఒక్కటే కారణమని తేలిపోతుంది. మళ్లీ వేలి మందం దిగి ఉంటే, తరువాతి ఘాట్ ప్రయాణానికి ముందే సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల నిలిచే ఒత్తిడి, కొలిపించండి. ఈలోగా ఆదివారాల్లో ఒకసారి శ్రీకాళహస్తి దాకానో, కాణిపాకం దాకానో కారును ఆపకుండా తీసుకెళ్లి వస్తే మూతకు పట్టిన ఆ నురుగు కూడా ఆవిరైపోతుంది.